అత్త వైపు పట్టీ

పెళ్ళయిన కొత్తలో నా కాపురం రెండు చక్రాల మీద ఉండేది. మాటవరసకి అనడం లేదు. నిజంగానే రెండు చక్రాలు, వాటి మీద ఒక రేకు డబ్బా.

మా ఆయన జంషెడ్‌పూర్‌లో ఖలాసీల మేస్త్రీ. కార్ఖానాల్లో కొత్త షెడ్డు నిలబెట్టాలన్నా, పాత యంత్రాన్ని దింపాలన్నా, గొలుసు కప్పీలు తగిలించి, ఇనుప తాళ్ళు కట్టి, అంతంత బరువుల్ని పైకెత్తి సరైన చోట కూర్చోబెట్టే మనుషులు కావాలి. వాళ్ళనే ఖలాసీలు అంటారు. ఈయన ముఠాలో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. కప్పీలు, తాళ్ళు, జాకీలు ముఠా సొత్తు. వాటిని సైటులో వదిలేసి వెళ్తే తెల్లారేసరికి కాళ్ళొచ్చి నడిచిపోతాయి. అందుకని పని ఎక్కడుంటే మేస్త్రీ అక్కడే పడుకోవాలి. మేస్త్రీ అక్కడ పడుకుంటే మేస్త్రీ పెళ్ళాం ఎక్కడ పడుకుంటుంది? అలా ఆ డబ్బా నా అత్తవారిల్లు అయింది.

లోపల ఒకే ఒక్క బల్ల. బల్ల కింద కప్పీలు, బల్ల మీద మేమిద్దరం. నా చీరలన్నీ గ్రీజు వాసన వేసేవి. వంట బయటే, మూడు ఇటుకల పొయ్యి మీద. పని అయిపోగానే కాంట్రాక్టరు ట్రాక్టరు వచ్చేది, డబ్బాని కొక్కేనికి తగిలించుకుని ఇంకో సైటుకి లాక్కుపోయేది. నేను ఆవకాయ జాడీని చంకనెత్తుకుని వెనకాల నడిచేదాన్ని. జాడీని లోపల పెట్టడానికి ఆయన్ని నమ్మినా ఆ రోడ్లని నమ్మేదాన్ని కాదు. ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నాకా డబ్బా నచ్చింది. ఊళ్ళో నలుగురు తోడికోడళ్ళ మధ్య వంటింటి కోసం కొట్టుకునే మా అక్కలకంటే నేనే మహారాణిని అనుకునేదాన్ని.

కూతురు పుట్టాక కూడా మహారాణిగానే ఉన్నాను కొన్నాళ్ళు. పిల్ల మా ఇద్దరి మధ్య పడుకునేది. దానికి మూడేళ్ళు దాటాక ఖర్కాయి నది ఒడ్డున ఒక పని తగిలింది. వానాకాలం. డబ్బా చుట్టూ నీళ్ళు, లోపల చెమ్మ, పిల్లకి జ్వరం. తగ్గడం, మళ్ళీ రావడం. కబురు తెలిసి మా అత్త వచ్చింది.

మా మామగారు ఇక్కడి ఉక్కు కార్ఖానాలోనే పనిచేసి పోయారు. ఆయన పోయాక క్వార్టరు ఖాళీ చేసి, మా అత్త సిద్ధగోరాలో ఒక అద్దె గదిలో ఒంటరిగా ఉండేది. గడపలో నిలబడి, డబ్బా లోపలికి ఒకసారి చూసి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

"పిల్లని నాను పట్టుకుపోతన్నాను. ఇది పిల్ల ఉండీ ఇల్లు కాదే."

పిల్ల బట్టలు మూటకట్టి ఇచ్చాను. ఆ పూట ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది. పిల్ల కోలుకుంది, ఒళ్ళు చేసింది, అక్కడే బడిలో చేరింది. సైటు నుంచి సైటుకి తిరిగే మాతో ఉంటే ఏ బడిలో వేస్తాం? సెలవు రోజుల్లో మేం వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. అలా రోజులు గడిచి ఏళ్ళయ్యాయి.

ఒక ఆదివారం వెళ్ళినప్పుడు పిల్ల నాకు పీట వేసింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పలక తెచ్చి చూపించింది. నేను తెలుగులో అడుగుతున్నాను, అది హిందీలో జవాబు చెబుతోంది. ఆ వీధి పిల్లలందరూ అంతే కాబట్టి దానికి నేనేమీ అనుకోలేదు. చీకటి పడకముందే లేచాం. పిల్ల వాళ్ళ మామ్మ కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

"ఫిర్ ఆనా, అమ్మా."

మళ్ళీ రా అమ్మా, అంటోంది. చుట్టాన్ని సాగనంపుతున్నట్టు, ఎంతో మర్యాదగా. నా ప్రాణం ఉసూరుమంది. సైకిలు వెనక కూర్చుని దారంతా ఏడ్చాను. ఈయన తొక్కుతూనే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. ఆయనకి మాట్లాడడం చేతకాదు. నేను ముక్కు చీదిన చప్పుడు వినిపించినప్పుడల్లా సైకిలు కొంచెం మెల్లగా తొక్కేవాడు, అంతే.

ఆ తర్వాత కొద్దిరోజులకి ఆయన అన్నం ముందు కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పాడు.

"గోవింద్‌పూర్‌లో పని వచ్చింది. లారీల కార్ఖానా పక్కన. సెడ్డు మీద సెడ్డు కడతారట. ఏళ్ళు పడతాది."

"అయితే?"

"అక్కడ బడి ఉంది. పెద్ద డబ్బా కొందాం. పిల్లని తెచ్చీసుకుందాం."

ఆ మనిషి నోట అన్ని మాటలు ఒకేసారి రావడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. చేతిలో గరిటె ఉందని మరిచిపోయి ఆయన భుజం మీద చెయ్యి వేస్తే పప్పు చొక్కా నిండా పడింది.

బిర్సానగర్‌లో ఒక పాత సామాన్ల యార్డు ఉండేది. పనులు ముగించుకుని వెళ్ళిపోయే కాంట్రాక్టర్లు తమ తట్టా బుట్టా అక్కడ అమ్మేసి పోయేవాళ్ళు. చక్రాల గదులు కూడా వచ్చేవి. సైటులో ఇంజనీర్లు కూర్చోవడానికి వాడినవి. మేం వెళ్ళిన రోజున రెండున్నాయి. ఒకటి నీలం రంగుది. తళతళలాడుతోంది. కిటికీలకి అద్దాలు, లోపల మూడు బల్లలు, గోడకి చెక్క అతికించి ఉంది, నేల మీద కొత్త పలకలు. రెండోది బూడిద రంగుది. రంగు కాదు, రంగు పోయాక మిగిలింది. బల్లలు రెండే. కానీ పొడుగు కొంచెం ఎక్కువ.

నేను నీలం దాంట్లోకి ఎక్కి ఇక దిగలేదు. కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నాను. ఇది పిల్లకి. అటువైపుది ఆయనకి. మధ్యలోది నాకు. రాత్రి చెయ్యి చాస్తే పిల్ల అందుతుందా లేదా అని పడుకుని చూశాను. అందుతుంది. పొయ్యి ఎక్కడ పెట్టాలి, పొగ ఏ కిటికీలోంచి పోతుంది, లోపలి గడియ పిల్లకి అందే ఎత్తులో ఉందా, అన్నీ చూసుకున్నాను. యార్డు యజమాని బయట నిలబడి ఏక్‌దమ్ మజ్బూత్, ఏక్‌దమ్ మజ్బూత్ అంటూనే ఉన్నాడు. చాలా గట్టిదట. నేను మనసులో అప్పటికే తెరలు కుట్టేస్తున్నాను.

ఈయన మాత్రం లోపలికే రాలేదు. బరువెత్తేముందు ఖలాసీలకి ఒక పద్ధతుంది. మొదట బరువు చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతారు. ముట్టుకోరు. ఆ తర్వాత తాళ్ళు కడతారు, బెత్తెడు ఎత్తు లేపి ఆపుతారు. అలా గాలిలో ఆపి, తాడు ఎక్కడ బిగుస్తోంది, కప్పీ ఎక్కడ మూలుగుతోంది అని అందరూ నోరు మూసుకుని వింటారు. అప్పుడు గానీ పైకి లాగరు. నన్ను పెళ్ళిచూపుల్లో చూసినప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటాడని నేను ఆటపట్టించేదాన్ని. ఆ రోజు కూడా గోనెపట్టా పరుచుకుని గది కిందికి దూరాడు. చిన్న సుత్తితో ఒక్కొక్క అతుకూ కొట్టి చెవి పెట్టాడు. తర్వాత నన్ను తలుపులు మూసుకుని లోపల కూర్చోమని, కప్పు మీద బకెట్లతో నీళ్ళు పోయించాడు. ఒక్క చుక్క కారలేదు. లోపల నేల మీద వాలు చూసే రసమట్టం పెట్టాడు. గాజు గొట్టంలో బుడగ నట్టనడుమ నిలిచింది.

"బాగుంది కదా?" అన్నాను.

"ఊఁ," అన్నాడు. ఆ ఊఁలో ఏదో తక్కువైంది. నేను పట్టించుకోలేదు.

అడ్వాన్సు ఇవ్వబోయేముందు ఆయనే అన్నాడు, అమ్మకి ఒకసారి చూపించాలని. నాకు చురుక్కుమంది. ఉండేది మేమూ మా పిల్లా, మధ్యలో ఆవిడ చూసేదేమిటి? పైకి అనలేదు. సిద్ధగోరా వెళ్ళి చెప్పగానే మా అత్త కూరగాయల కత్తిపీట పక్కకి పెట్టింది. పిల్ల పక్కనే బొమ్మలు గీసుకుంటోంది.

"పిల్లని పంపమంటే పంపుతాను. నా పిల్లేటి అది? మీ పిల్లే. గానీ అది పడుకోబోయీ ఇల్లు నాను సూడాల."

ఆదివారం పొద్దున ఆవిడ పిల్లని వెంటబెట్టుకుని బిర్సానగర్ వచ్చింది. చంకలో ఒక సంచి. సంచిలోంచి వత్తుల స్టవ్వు తీసింది, ఇత్తడి గిన్నె తీసింది, మూతపెట్టిన చెంబుతో పాలు తీసింది. నాకు అర్థమైపోయింది. బేరం కుదరకుండానే గృహప్రవేశమా! పాలు పొంగించేది కొన్న ఇంట్లో గానీ కొనబోయే ఇంట్లో కాదు.

"అత్తా, ఇంకా మనది కాదు కదా ఇది!"

"మనది కాదు కాబట్టే నాను పొంగిత్తన్నాను. ఇది పరీచ్చ. శుభం కాదు. శుభమైతే నాను ముట్టుకుంతానేటి?"

మామగారు పోయిన దగ్గర్నుంచి ఆవిడ శుభకార్యాలన్నిటికీ గుమ్మం బయటే నిలబడేది. ఎవరూ పొమ్మనక్కర్లేదు, తానే తప్పుకునేది. అందుకని ముందే ఆ గీత గీసుకుంది. యార్డు యజమానికి ఏం జరుగుతోందో తెలియక స్టవ్వు చూసి లబోదిబోమన్నాడు. గది కాలిపోతుందన్నాడు. ఆవిడ అతనికేసి చూడను కూడా చూడలేదు.

స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. పాలు పొంగాయి. ఒక్క వైపే పొంగాయి. ధారగా గోడ వైపుకి.

"పడమట," అంది అత్త. "ఒద్దు ఈ ఇల్లు."

యజమాని పకపకా నవ్వాడు. "అరే మాతాజీ, చక్రాలున్నాయి కదా! ఘుమా దేంగే!" బండిని ఇటు తిప్పేస్తే ఆ గోడే తూర్పు గోడ అవుతుందని చేతులు తిప్పి చూపించాడు. మాట నిజమే. నేనూ నవ్వేశాను, పిల్లా నవ్వింది. నీలం గది చేజారిపోతుందన్న కంగారులో, తిప్పెయ్యమనండి, తిప్పెయ్యమనండి అని నేను కూడా వంత పాడాను.

నవ్వనిది ఈయన ఒక్కడే. వంగి, ఒలికిన పాలు ఎటు పారుతున్నాయో చూస్తున్నాడు. జేబులోంచి రసమట్టం తీసి మొన్న పెట్టిన చోటే మళ్ళీ పెట్టాడు. బుడగ నడుమనే ఉంది. మరి పాలు నడుమన ఎందుకు లేవు? స్టవ్వు జరిపి, గోడవార ఉన్న కొత్త పలకని ఉలితో పైకి లేపాడు. ఆయన మట్టం పెట్టిన పలక కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సరిచేసి ఉంది. స్టవ్వు పెట్టిన చోట చెయ్యలేదు. ఆ కింద ఉన్న ఇనుప దూలం అడ్డంగా చిట్లింది. చిట్లిన చోట లప్పం పెట్టి, నీలం రంగు పూసేశారు. అందుకే సుత్తికి సరిగా పలకలేదన్నమాట, అందుకే ఆ ఊఁ.

యజమాని నాకు తెలీదంటే నాకు తెలీదన్నాడు. నిజంగానే తెలియదేమో కూడా, నేను ఒట్టు పెట్టలేను. మా అత్త మాత్రం ఆ చీలిక చూడడానికి కూడా వంగలేదు.

"పడమట అని సెప్పినాను కదా," అంది, గిన్నె తుడుచుకుంటూ.

నేను దిగి వచ్చి, కుట్టుకున్న తెరలన్నీ మనసులోనే మడతపెట్టేశాను. పిల్ల నీలం గది అద్దంలో మొహం చూసుకుంటోంది. ఈ గది పోతే, గోవింద్‌పూర్ పని మొదలైపోతే, పాత డబ్బాలోనే ఉండాల్సి వస్తే, మళ్ళీ ఆదివారాలే. మళ్ళీ పీట వేసి మంచినీళ్ళు ఇస్తుంది.

ఈయన అప్పటికే బూడిద రంగు గది చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు.

దాని కింద సుత్తి పెట్టి కొడితే గంట కొట్టినట్టు మోగింది. ఒక మూల కప్పు కారింది, అది మాట్లు వేస్తే సరిపోతుందన్నాడు. టైర్లు అరిగాయి. తలుపు కిర్రుమంది. ఇనుము మాత్రం ఎక్కడా చిట్లలేదు. బల్ల ఒకటి తక్కువ కదా అంటే, పైన మడిచే బల్ల వెల్డింగు చేయిస్తానన్నాడు. ఇక మిగిలింది కమాన్ కట్టలు చూడడం. బరువంతా మోసేవి అవే. ఇరుసు మీద రెండు పక్కలా, వంచిన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి. ఆయన మళ్ళీ గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"అందరూ ఎక్కండి," అని కిందనుంచి కేకేశాడు. "ఎక్కి, ఈ వైపు నిలబడండి."

నేను ఎక్కాను. యార్డులో పడి ఉన్న ఇనుప సామాను రెండు మూడు గోనెల నిండా ఎక్కించారు, మా సామాను బరువు లెక్కకి. పిల్ల మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది. అది వెనక్కి తిరిగి చూస్తోంది. మా అత్త దూరంగా, సంచి భుజానికి తగిలించుకుని, వెళ్ళడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

"ఎక్కినారా?" అని కాళ్ళు అడిగాయి.

"ఎక్కినాం," అన్నాను.

"ఏటీ దిగనేదే. లోడు పూర్తవనేదు. ఎవలు ఎక్కనేదు?"

"మామ్మ నహీఁ చఢీ," అంది పిల్ల. మామ్మ ఎక్కలేదని ఫిర్యాదు.

"ఎక్కమ్మా," అన్నాడాయన.

"నానెందుకురా? నాను ఇక్కడ ఉండీదాన్ని కాదు కదా. మీ ముగ్గురికీ సరిపోతే సాలు. సిద్ధగోరాలో నా గది ఉంది."

కాళ్ళు కదల్లేదు. బయటికీ రాలేదు. పిల్ల మెట్టు దిగి వాళ్ళ మామ్మ కొంగు పట్టుకుంది. గుమ్మంలో నిలబడి నాకు చెయ్యి ఊపిన రోజున పట్టుకున్నట్టే.

ఒక్క విషయం దాచకుండా చెబుతాను. అంతవరకూ నా ఊహలో మేం ముగ్గురమే ఉన్నాం. మూడు బల్లలు, ముగ్గురు మనుషులు. నా పిల్ల నాకు కావాలి, చెయ్యి చాస్తే అందాలి. దాన్ని మూడేళ్ళు కడుపులో పెట్టుకుని చూసిన మనిషి ఎక్కడ పడుకుంటుందో నేను ఆలోచించనే లేదు. ఆవిడా అడగలేదు. ఆ ఎండలో ఆవిడ చేతిలో ఖాళీ పాలచెంబు చూసేసరికి నాకు అది తట్టింది. పిల్ల వెళ్ళిపోయే ఇల్లు ఎలా ఉందో చూడడానికి పాలు పట్టుకుని వచ్చింది. చూసుకుని, ఒంటరిగా ఆ గదికి వెళ్ళిపోదామని వచ్చింది. నీలం గది వద్దంది కూడా పిల్ల కోసమే. కావాలంటే బాగుంది బాగుంది అని ఊరుకుని ఉండొచ్చు.

నేను కిందికి దిగాను. ముందు ఆవిడ భుజం మీద సంచి తీసుకుని లోపల పడేశాను.

"ఎక్కు అత్తా. నువ్వు ఎక్కితే గానీ ఆయన కిందనుంచి లేవడు. ఎండలో అలగే పడి ఉంటాడు."

"పరీచ్చకే కదేటి?"

"పరీచ్చకే," అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. "ఉండడానికి కూడా. నువ్వు నేకుండా పిల్ల నాకాడ ఉండదు. ఉన్నా దానికి నిద్రపట్టదు. నాకూ పట్టదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాను. అదేం లేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, మెట్టు ఎక్కింది. వెనకే నేనూ ఎక్కాను. ఆవిడ ఎడమవైపు బల్ల మీద కూర్చుంది. పిల్ల ఆవిడ ఒళ్ళో ఎక్కి కూర్చుంది. గది కొంచెం కిందికి దిగినట్టు నా కాళ్ళకి తెలిసింది. బరువు గాలిలో నిలిపినప్పుడు ఖలాసీలు ఊరుకున్నట్టే ఊరుకున్నాం.

ఈయన బయటికి వచ్చాడు. జుట్టు నిండా తుప్పు, మొహం నిండా తుప్పు.

"ఎడమవైపు బాగా దిగిపోతంది. ఒక పట్టీ ఎక్కువ వేయించాల ఆ వైపు."

"ఎవలికి?" అంది అత్త.

"నువ్వు ఆ వైపే కదా పడుకుంతావు."

ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. యార్డులో తుప్పు పట్టిన సామాన్లు తప్ప చూడ్డానికి అక్కడ ఇంకేం లేదు.

"నా ఒక్కదాని బరువెంతరా," అంది చివరికి. "గానీ నా ట్రంకుపెట్టి ఉంది. నా రుబ్బురోలు కూడా వత్తాది మరి."

మా ఆయన నవ్వగా నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

గోవింద్‌పూర్‌కి చేరిన రోజున ఆవిడ మళ్ళీ నన్ను ఇబ్బంది పెట్టింది. ట్రాక్టరు వెళ్ళిపోయింది. గదిని నిలబెట్టారు. నేను తలంటుకుని, పసుపు రాసుకుని, పాలు పెట్టబోతుంటే ఆవిడ చల్లగా కిందికి దిగిపోతోంది.

"ఎక్కడికి అత్తా?"

"ఇది పరీచ్చ కాదు కదే. శుభం. నువ్వు పొంగించు, నాను కిందన ఉంతాను."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. ఎవరి మీదో తెలీదు. ముఠా వాళ్ళ ఆడవాళ్ళు నలుగురు చుట్టూ ఉన్నారు, వాళ్ళ ముందు వాదించడానికి లేదు. అప్పుడు తట్టింది.

"నీ వైపు ఒక పట్టీ ఎక్కువ వేయించినాడు ఆయన. నువ్వు దిగితే ఇల్లు ఒరుగుతాది. పాలు ఎటు పొంగుతాయో మరి నాకు తెలీదు."

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆవిడ కొడుకుకేసి చూసింది. ఆయన తన కమాన్ కట్టల సంగతి ఎవరో అడిగినట్టు గంభీరంగా, "ఒరుగుతాది," అన్నాడు.

ఆవిడ వెనక్కి వచ్చి తన బల్ల మీద కూర్చుంది. నేను పాలు పెట్టాను. గిన్నె చుట్టూ అన్ని వైపులకీ ఒక్కలాగే పొంగాయి.

"అమ్మా, పొంగిపోతన్నాయి! మామ్మా, సూడు!" అని అరిచింది పిల్ల. అమ్మ ముందు, మామ్మ తర్వాత. తెలుగులో. ఆ వరస నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

పిల్ల చాలాకాలం మామ్మ పక్కనే పడుకుంది. కుడివైపు నా బల్ల నుంచి చెయ్యి చాస్తే దాని పాదం అందేది. నాకు పాదం చాలు. పగలు బడికి జడ వెయ్యడం నా పని, పేలు చూడడం మామ్మ పని, కథలు చెప్పడం ఇద్దరి పనీ, కొట్టడం మాత్రం నేనే. ఒక షెడ్డు అయ్యాక ఇంకో షెడ్డు దగ్గరికి గదిని జరుపుతూ ఉండేవాళ్ళు. ఎప్పుడు జరపమంటారో తెలియక ఈయన దాన్ని ఇటుకల మీద ఎక్కించేవాడు కాదు. ముందువైపు కొక్కెం కింద రైలు పట్టాలకి వేసే చెక్క దిమ్మ ఒకటి, వెనకంతా కమాన్ల మీదే. జరిపిన ప్రతిసారీ మా అత్త చెంబెడు పాలు కాచేది. పరీచ్చకి, అనేది. పొంగించి, తూర్పు ఎటో చూసుకుని, అప్పుడు ట్రంకుపెట్టె తెరిచేది.

ఎనభైలు సగం గడిచాక, ఒక చలికాలం, ఆవిడ ఆ బల్ల మీదే పోయింది. పిల్ల అప్పటికి నా ఎత్తుకి వచ్చింది. కార్యక్రమాలన్నీ అయ్యాయి. బట్టలు ఇవ్వాల్సిన వాళ్ళకి ఇచ్చేశాం. ట్రంకుపెట్టె మా ఆడపడుచు తీసుకెళ్ళింది. రుబ్బురోలు వీధిలోకి దించారు. చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున నేను టీకి పాలు పెట్టి, ఏదో ఆలోచిస్తూ చూసుకోలేదు. పొంగాయి. పొంగి, కుడివైపుకి, నా కాళ్ళ మీదికి వచ్చేశాయి.

మంట కూడా తెలియలేదు. అలా చూస్తూ ఉండిపోయాను. ఈయన లేచి వచ్చి నేల మీద పాలు చూశాడు, ఎడమవైపు బల్ల చూశాడు. దాని మీద ఎవరూ లేరు, దాని కింద ఏమీ లేదు. ఆ వైపు ఇల్లు కొంచెం పైకి లేచింది. బయటికి వెళ్ళి కాసేపు వంగి చూసి వచ్చాడు.

"ఆ పట్టీ తీసీనా?" అన్నాడు.

"ఉండనీ," అన్నాను.

ఆ గదిలో మేం ఉన్నంతకాలం, ఎప్పుడు ఏమరుపాటున పాలు పొంగినా నా వైపే పొంగేవి. గుడ్డ తెచ్చి తుడుచుకునేదాన్ని.